చిన్నమ్మకు ఇల్లుందన్న లెక్క

మొన్న ఆత్మకూరు బస్టాండులో టీ తాగుతుంటే, పక్కనున్న పెద్దమనిషి ఫోను చూసి, ఇల్లులేని వాళ్ళు మన దగ్గరకంటే ఏదో డబ్బున్న దేశంలోనే ఎక్కువట అని మురిసిపోయాడు. అక్కడ చుట్టాల ఇంట్లో తలదాచుకున్న వాళ్ళనీ ఇల్లులేని వాళ్ళకిందే లెక్కేస్తారు, మన దగ్గర ఆరుబయట పడుకుంటేనే లెక్క. రెండూ పక్కపక్కన పెడితే ఏం తేలుతుందయ్యా అని అడగబోయాను. అంతలో మా అక్క మొగుడు, పెద్దబావ గుర్తొచ్చి టీ చేదెక్కింది.

బావది ఆత్మకూరులో బడిపంతులు ఉద్యోగం. ఉదయగిరి పక్కనున్న మా పల్లెలో ఇల్లులేని వాళ్ళను లెక్కించే పని ఒకసారి ఆయన మీద పడింది. అప్పటికి మా చిన్నమ్మ మిద్దె వానకు కూలిపోయింది. మాది ఒంటిగది ఇల్లు. అందుకని ఆమె మా గొడ్ల కొట్టంలో మంచం వేసుకుని ఉండేది. ఆ కొట్టం కప్పుకు పడిన బొక్కలోంచి ఒకసారి గద్ద దిగి, కోడిని తన్నుకుని మళ్ళీ అదే బొక్కలోంచి పోయింది. నమ్మకపోతే మానండి. బావ గడప దగ్గరినుంచే తొంగిచూసి, "కప్పుండాది కదత్తా, ఇల్లున్నట్టే" అని వెళ్ళిపోయాడు. అటు పొలంలో ఎరువు కోసం మంద కట్టి, కాపలాకు అక్కడే పడుకున్న గొర్రెల ఆసాములను మాత్రం, ఊళ్ళో మిద్దెలున్నా, ఇల్లులేని వాళ్ళని రాసుకున్నాడు. ఊరి మొత్తం చూస్తే లెక్క సరిగ్గానే ఉన్నట్టుంటుంది. మనుషులే తారుమారు.

కొన్ని వానాకాలాలు గడిచాక ఆ లెక్క చూసే ప్రభుత్వం ఇళ్ళు ఇచ్చింది. ఆసాములకు వచ్చాయి, చిన్నమ్మకు రాలేదు. ఆమె ఏడవలేదు. రెండు మేకలను తోలుకుని, "పదరా, నా ఇంటికి పోదాం" అంది. అవి మా దూరపు చుట్టాలని కండక్టరుకు నేనే నచ్చజెప్పాను. ఆత్మకూరులో నేరుగా బావ నట్టింట్లో చాప పరుచుకుని కూర్చుంది. అల్లుడింట్లో అత్త తిష్ఠ వేయడం మా వైపు తలవంపులు. వీధంతా వాకిట్లో చేరింది.

"ఏందత్తా ఇది?"

"కప్పుండాది కదా అల్లుడా. నీ లెక్కన ఇది గూడా నా ఇల్లే. మేకల్ని యాడ కట్టెయ్యమంటావు?"

"సోఫా కాళ్ళకు కట్టేద్దాం చిన్నమ్మా, గట్టిగా ఉండాయి" అన్నాను.

"నువ్వన్నా చెప్పరా!" అని బావ నా వైపు తిరిగేసరికి ఒక మేక కర్టెన్ సగం నమిలేసింది. అక్క తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

బావ ఆఫీసుల చుట్టూ తిరిగి తప్పు ఒప్పుకుని, ఇళ్ళ జాబితాలో చిన్నమ్మ పేరు ఎక్కించుకొచ్చాడు. ఆ మాట ఆయన వీధి వినేలా చెప్పేదాకా ఆమె చాప చుట్టలేదు.

ఇల్లొచ్చింది. ఏడాది తిరక్కుండానే చిన్నమ్మ పోయింది. బావ ఇప్పటికీ ఎదురుపడితే నవ్వుతాడు, నేను నవ్వను. రాసిన తప్పు దిద్దుకున్నాడు సరే. కొట్టంలో తడిసిపోయిన ఆమె కాలాన్ని ఏం పెట్టి దిద్దుతాడు?