మార్కెట్లో లొంగిపోయిన మాస్టారు

కెలెచేని ఓడన్ మాస్టారు ఒక్క ఇంగ్లీషు క్రియనైనా కుర్చీలో కూర్చుని హంగేరియన్‌లోకి అనువదించిన పాపాన పోలేదు. నటించి తీరాల్సిందే. అదీ బుడాపెస్టు నడివీధిలో, నలుగురూ చూస్తుండగా, వీలైతే దారికి అడ్డంగా.

ఇంగ్లీషువాళ్లు క్రియకు వెనకాల అప్ అనో ఆఫ్ అనో తోక తగిలిస్తారు. తోక మారితే అర్థం మారిపోతుంది. హంగేరీవాళ్లేమీ తక్కువ తినలేదు, క్రియకు ముందే కొమ్ము తగిలిస్తారు. ఏ తోకకు ఏ కొమ్మో తేల్చడానికి మిగతా మాస్టార్లు నిఘంటువు తిరగేస్తారు. ఓడన్ మాస్టారు అపర మేధావి కనుక ట్రామెక్కేవారు.

"గెట్ ఆఫ్" పాఠం నాడు శిష్యురాలు బోగ్లార్కాను వెంటబెట్టుకుని ప్రతి స్టాపులోనూ దిగారు, మళ్లీ ఎక్కారు.

"ఇప్పుడు నేనేం చేశానమ్మా? రెండు భాషల్లోనూ చెప్పు!"

"దిగారు," అంది బోగ్లార్కా తన బూట్లకేసి చూస్తూ.

"వినపడలేదు! పాపం, డ్రైవరుగారికీ వినపడలేదు!"

"దిగారు మాస్టారూ! మీకు దణ్ణం పెడతాను, ఇక ఎక్కకండి!"

బోగ్లార్కా పసిపిల్లల బడి టీచరు చదువు చదివింది. అన్నీ పాసయింది. కానీ ఆ రోజుల్లో విదేశీ భాషాపరీక్ష గట్టెక్కితేగానీ పట్టా చేతికిచ్చేవారు కాదు. మూడేళ్ల పిల్లాడి ముక్కు తుడవాలన్నా ఇంగ్లీషు రావాలని పెద్దల ప్రగాఢ విశ్వాసం. రాతలో ఆమెకు ఢోకా లేదు. పరీక్షకుల ఎదుట కూర్చోగానే మాత్రం నోరు కుట్టేసినట్టయ్యేది. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే, బడిలో ఆమె కోసం అట్టేపెట్టిన ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. అలాంటి పిల్లకు వెతగ్గా వెతగ్గా దొరికిన గురువు ఈయన.

పరీక్ష ముందురోజు "గివ్ అప్" వంతు వచ్చింది. కూరగాయల మార్కెట్లో, ఎతెల్కా ఊరగాయల కొట్టు ముందు, పులిసిన క్యాబేజీ పీపా పక్కన మాస్టారు దభీమని మోకాళ్ల మీద కూలబడి చేతులు పైకెత్తారు.

"లొంగిపోతున్నానా? మానుకుంటున్నానా? ఆశ వదులుకున్నానా? అన్నిటికీ వాళ్లది ఒకే మాట! మనదేది?"

"లేవండి మాస్టారూ, జనం చూస్తున్నారు!"

"కళ్లున్నాయి, చూస్తారు. నువ్వు చెప్పు!"

ఎతెల్కా కొట్టులోంచి గయ్‌మంది. "ఏం మాస్టారూ, లేస్తారా, పోలీసుల్ని పిలవనా? నా బేరాలన్నీ పోతున్నాయి!"

బోగ్లార్కాకు ఒళ్లు మండిపోయింది. "ఆయన లొంగిపోనూ లేదు, ఆశ వదులుకోనూ లేదు! ఆయన వదిలేసింది సిగ్గు!" అని మార్కెట్ దద్దరిల్లేలా అరిచింది, హంగేరియన్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.

మాస్టారు తృప్తిగా మోకాళ్లు దులుపుకున్నారు. "భేష్. ఒక్క తప్పు లేదు."

మర్నాడు పరీక్షకులు ముఖాలు గంటు పెట్టుకుని కూర్చున్నారు. ఊరందరి ముందూ అంత పరువు పోయాక వీళ్లొక లెక్కా? బోగ్లార్కా నోరు తెరిచింది. వాళ్లు చాలమన్నా ఆపలేదు.

ఫలితం తెలిసిన రోజు మార్కెట్‌కు పరిగెత్తింది. "ఎతెల్కా అత్తా, పాసయ్యాను! మా మాస్టారు ఇటొచ్చారా? ఆ రోజు గొడవకి ఏమనుకోకండేం. ఆయనకి కొంచెం..."

"పిచ్చా?" ఎతెల్కా పకపకా నవ్వింది. "అంత బిడియస్తుణ్ణి నేనెక్కడా చూళ్లేదమ్మా. దోసకాయ కావాలన్నా వేలితో చూపిస్తారు. ఆ రోజు పొద్దున్నే వచ్చి, చెవులదాకా ఎర్రబడి, 'అమ్మా, మధ్యాహ్నం మీ కొట్టు ముందు కాస్త పిచ్చివాడిలా ఉంటాను. మా పిల్లకి నోరు పెగలాలి. మీరు దయచేసి నన్ను గట్టిగా తిట్టాలి' అని బతిమాలారు. ఆ పీపా చాటున మోకాళ్ల మీద పడ్డం కూడా అభ్యాసం చేశారు. ట్రాము డ్రైవరుకీ అంతేనట, ముందే చెప్పుకున్నారట."

బోగ్లార్కాకు సిగ్గేసింది. ఆ పిచ్చి మాస్టారి మీద చెప్పలేనంత ప్రేమా పుట్టింది.

అంతలో ఆయనే వచ్చారు. వెనకాల కొత్త శిష్యుడు, పెద్ద మీసాల ఇంజనీరొకాయన, సంచీ గుండెలకు అదుముకుని బిక్కుబిక్కుమంటూ. బోగ్లార్కాను చూసి మాస్టారు బెంబేలెత్తిపోయి, కళ్లతోనే "చెప్పేయకు తల్లీ" అని వేడుకున్నారు. మరుక్షణం ఊరబెట్టిన దోసకాయ ఒకటి లాక్కుని పరుగు లంకించుకున్నారు.

ఎతెల్కా నోరు విప్పేలోపే బోగ్లార్కా అందుకుంది. "పట్టుకోండి! దొంగ! ముసలి దొంగ!"

ఇంజనీరు మీసాలు వణికాయి. "దొంగ కాదండీ! ఆయన మా మాస్టారు! నాకు పాఠం చెబుతున్నారు!" అని మార్కెట్టంతా వినబడేలా అరిచాడు. అదీ ఇంగ్లీషులో.