‘స్పెసిమెన్’ అనొద్దన్న మేడం

బుధవారం. పొద్దున లేవగానే మా మ్యూజియం వాట్సాప్ గ్రూప్‌లో కనిపించిన మొదటి మెసేజ్: "బాడీ పదింటికి ఇంటికొస్తుంది."

ఎవరి బాడీ?

పైకి జరిపి చూస్తే శారద మేడం ఫొటో. దండతో.

నిన్న రాత్రి గుండెపోటట. సాయంత్రం నాతో చాయ్ తాగిన మనిషి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. రాయదుర్గం టవర్ల మధ్య ఉన్న మా చిన్న మ్యూజియంలో మేడం కన్జర్వేటర్, అంటే పాత వస్తువులు పాడవకుండా చూసుకునే మనిషి. నేను ఇంటర్న్‌ని.

మొదటి రోజే తిట్లు తిన్నాను. ఒక టవర్ పునాది తవ్వుతుంటే బయటపడిన పాత సమాధిలోని ముసలామె ఎముకలు మా స్టోర్‌లో ఉన్నాయి. "ఈ స్పెసిమెన్ ఎక్కడ పెట్టాలి మేడం?" అన్నాను.

"మీ నానమ్మను గిట్లనే అంటవా? పెద్దమ్మ అను."

డ్రాయర్ తెరిచే ముందు "పెద్దమ్మా, జర కదిలిస్తున్నం" అని చెప్పేవారు. మొదట నవ్వుకున్నాను. తర్వాత నేనూ చెప్పాను. మాట మారితే చెయ్యి కూడా మెత్తబడుతుందని అప్పుడే తెలిసింది.

పెద్దమ్మకు కప్పే కోరా గుడ్డను గంజి పోయేదాకా ఇంట్లోనే ఉతికేవారు, గంజి ఉంటే పురుగు పడుతుందని. కూకట్‌పల్లిలో వాళ్ల మేడ మీద ఆరేస్తుంటే పక్కింటావిడ కంగారుగా ఎవరు పోయారండీ అని అడిగింది.

"పోయి శానా ఏండ్లాయె. ఇగ ఇప్పుడు అర్సుకుంటున్నం."

మా గ్యాలరీ మేనేజర్‌కి పెద్దమ్మను గాజు పెట్టెలో, లైట్ల కింద పెట్టాలని ఎప్పటినుంచో ఉంది. ఆమె దొరికిన ఊరి పెద్దలను అడగనిదే కుదరదని మేడం ఆపారు.

ఈ రోజు మేడం ఇంట్లో ఆయన దండ వేసి, తిన్నగా నా పక్కకొచ్చాడు. స్టోర్ తాళంచెవి నీ దగ్గరుందా అన్నాడు. ఎందుకు సార్ అంటే క్లీనింగ్‌కట.

మేడం లేకుండా ఏం క్లీనింగ్?

పొద్దున గ్రూప్‌లో సంతాపం కిందే గాజు పెట్టె కొలతలు పెట్టి, వెంటనే డిలీట్ చేశాడు. పొరపాటేనేమో. నాకైతే నమ్మకం కుదరట్లేదు. చూస్తాను సార్ అని తప్పించుకున్నా.

బయటికి తీసుకెళ్లేటప్పుడు ఎవరో "బాడీ లేపండి" అన్నారు. మేడం తమ్ముడు ఆగిపోయాడు.

"మా అక్క అనండి."

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

తాళంచెవి నా బ్యాగ్‌లోనే ఉంది. నిన్న చాయ్ దగ్గర మేడమే ఇచ్చారు, రేపు నువ్వే ముందొస్తవ్ గద అని.

ప్రశాంతంగా నిద్రపోండి మేడం. పెద్దమ్మ మీద లైట్ పడనివ్వను.

రేపు పొద్దున మియాపూర్‌లో ఫస్ట్ మెట్రో ఎక్కుతా. ఊరి పెద్దలను అడగాలన్న మేడం మాట చెప్పి, తాళంచెవి మా మ్యూజియం డైరెక్టర్ గారికే, అందరి ముందు ఇస్తా.

దానికి ముందు ఒకసారి డ్రాయర్ తెరవాలి. మేడం ఇక రారని పెద్దమ్మకు చెప్పాలి.