అనుమానం గారు ఒప్పుకున్న నలభై ఫైళ్లు

ఆ ఆసుపత్రిలో సర్వర్లు చూసే ఆయన్ని అందరూ అనుమానం గారు అనేవారు. మొహం మీదే అనేవారు, ఆయనా పలికేవాడు. పద్దెనిమిదేళ్లుగా పొద్దున్నే స్కానర్ రిపోర్టు చదవందే ఆయన ఎవరితోనూ మాట్లాడడు. ఆ స్కానర్ పని ఒక్కటే: సర్వర్‌లోని ఫైళ్లు నిన్నటిలాగే ఉన్నాయా, ఎవరైనా దొంగచాటుగా మార్చారా అని చూడటం. తేడా ఉంటే చెబుతుంది. ఆ మార్పు మనం చేసిందే అయితే, ఇకనుంచి ఇదే సరైనదని మనిషే దానికి చెప్పాలి. ఆయన ఒక్కో ఫైలుకీ ఆరా తీసి, నలుగురిని తిట్టి గానీ ఆ మాట చెప్పేవాడు కాదు.

అంతటి మనిషికీ ఒకనాడు పన్ను సలిపింది. ఆ రోజే అప్‌డేట్ వేస్తే నలభై హెచ్చరికలు వచ్చాయి. పళ్ల డాక్టరు రమ్మన్నది పదిన్నరకి. ముప్ఫై దాకా చూశాడు, అన్నీ అప్‌డేట్ మార్చినవే. మిగతావీ అవేలే అని నలభైకీ కలిపి సరేననేసి, బుగ్గ పట్టుకుని వెళ్లిపోయాడు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందంటారు. సర్వర్ల దగ్గర ఆ సామెత చెల్లదు.

ఆ తర్వాత మూడు వారాలు రిపోర్టు కడిగిన ముత్యంలా వచ్చింది.

"ఏమండీ, ఈమధ్య మీరు ఎవర్నీ తిట్టినట్టు లేరు. ఒంట్లో బానే ఉందా?" అంది భార్య, టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

చూడకుండానే సరేనన్న ఆ చివరి పది ఫైళ్లు ఆయనకి గుర్తొచ్చాయి. ఆఫీసుకెళ్లి అప్‌డేట్ అసలు కాపీ తెప్పించి, ఆ నలభైనీ ఒక్కొక్కటే పోల్చాడు. ముప్ఫై తొమ్మిది సరిపోయాయి. లాగిన్ ప్రోగ్రాం సరిపోలేదు. ఎవడో దాన్ని మార్చి, డాక్టర్లూ నర్సులూ కొట్టే పాస్‌వర్డులన్నీ బయటికి చేరవేసుకుంటున్నాడు. ఆయనకి చచ్చేంత సిగ్గేసింది. గుట్టుగా ఆ ఒక్క ఫైలూ బాగుచేస్తే ఆయన పరువు దక్కుతుంది. ఇప్పటికే పోయిన పాస్‌వర్డులతో రోగుల వివరాలు మాత్రం దొంగకి అందుబాటులోనే ఉంటాయి.

వెళ్లి మేనేజరుకి చెప్పాడు. మేనేజరు లేచి తలుపు వేశాడు. "స్కానర్ పట్టలేదని రాసేద్దాం. మధ్యలో మీరెందుకు ఇరుక్కోవడం?"

"అది పట్టింది సార్. నేనే వదిలెయ్యమన్నాను."

కొత్త సర్వర్ నిలబెట్టాక రెండు వందల పన్నెండు మంది వరసకట్టి పాస్‌వర్డులు మార్చుకున్నారు. మార్పించేదీ ఆయనే. ఎవరి నిర్వాకమిది అని ఒక్కొక్కరూ విసుక్కుంటూ అడిగారు. "నాదే," అన్నాడు. కొందరు వేళాకోళమనుకుని నవ్వారు. వాళ్లకి మళ్లీ చెప్పాడు.

అందరికన్నా చివర వచ్చిన ల్యాబు ఆవిడ ఏమీ అడక్కుండా మార్చుకుని వెళ్లిపోబోయింది. ఆవిడని ఆపి మరీ చెప్పాడు.