మెడ కదలని బొమ్మలు

హిందీ మాట్లాడే గుఢియారీలో, రైలు పట్టాల పక్క సందులో, పైడమ్మ అరుగు మీద ఎప్పుడూ ఓ చిన్న లోకం ఆరుతూ ఉండేది. గొడుగు పట్టిన ఏనుగు, బీడీ కాల్చే కప్ప, పేపరు చదివే పిల్లి. గ్యాంగ్‌మన్ మొగుడు పనికి వెళ్ళగానే ఆమె మట్టి ముందు కూర్చునేది. పైడమ్మ విజయనగరం వైపు నుంచి కొత్తగా వచ్చినప్పుడు ఆ విద్య నేర్పింది పక్కింటి సూరమ్మ. బొమ్మ కడుపుకి పుల్లతో కన్నం పెట్టకపోతే ఆవంలో కాల్చేటప్పుడు పగిలిపోతుందని చెప్పిందీ ఆవిడే.

"దానికీ ఊపిరాడాల కదేటే" అనేది.

సూరమ్మకు మెడ వణుకు. గాలి లేకపోయినా కదిలే జొన్నకంకిలా తల ఊగుతూ ఉండేది.

1974లో, పిల్లలు మట్టి ఎడ్లను లాగుతూ తిరిగే పోలా పండుగకు, పైడమ్మ వేళ్ళు ఒక ముసలమ్మ బొమ్మను చేశాయి. ఒళ్ళో వక్కల సంచి, బోసినవ్వు, మెడలో తీగచుట్ట. ముట్టుకుంటే తల ఊగేది. అలాంటివి ఇరవై చేస్తే, అన్నీ ఒక్క పూటలో అమ్ముడుపోయాయి. సాయంత్రానికి పిల్లలు తలలూపుతూ సూరమ్మ వెనక నడిచారు.

మర్నాడు కుళాయి దగ్గర సూరమ్మ అడిగింది.

"ఏటే పైడీ, ఆ బొమ్మ నానేనేటే?"

"సీ, నువ్వెందుకౌతావు పిన్నీ! బజార్లో ఎవర్నో సూసి సేసినాను."

"అలాగా. మెడ బాగా కుదిరింది."

ఆ తర్వాత సూరమ్మ కుళాయి దగ్గరికి రాలేదు. కోడలు సుభద్ర వచ్చి బిందె నింపుకుపోయేది.

పైడమ్మ ఇల్లిల్లూ తిరిగి, ముసలమ్మ బొమ్మను తిరిగి ఇచ్చినవాళ్ళకు ఎడ్ల జత ఇచ్చింది. పందొమ్మిది తిరిగొచ్చాయి. కాలిన మట్టి కరగదని తెలిసీ వాటిని తొట్టి నీళ్ళలో వేసింది. అడుగున ముసలమ్మలు తలలూపుతూనే ఉన్నారు.

చివరికి సూరమ్మ ఇంటి గడప తొక్కింది. ఇరవయ్యోది అక్కడే, గూట్లో ఉంది. మెడ చుట్టూ పచ్చిమట్టి మెత్తి ఉంది. తల కదలడం లేదు.

"అది నువ్వే పిన్నీ. నాను అబద్దమాడినాను."

"తెల్సు. ఊరంతా ఎడ్లు పంచినావంట, నన్ను మాత్రం అడగలేదేటే?" సూరమ్మ నవ్వి, గూటివైపు చూసింది. "ఒక్కపాలి తిన్నగా ఉంటే ఎలాగుంటానో సూసుకున్నాను."

అంటున్నంతసేపూ ఆవిడ తల ఊగుతూనే ఉంది.

సూరమ్మ పోయాక కూడా, ఇరవై ఏళ్ళ పైన పైడమ్మ బొమ్మలు చేసింది. తల ఊగేవి లేవా అని ఎవరైనా అడిగితే, "నహీ ఆతా, బాబూ" అని, చేతకానట్టు తలవంచుకుని, చేతిలోని కప్ప కడుపుకి పుల్లతో కన్నం పెట్టేది.