నాతో చప్పిడి తిన్న పిన్నిగారు

సొరకాయ ఉడుకుతున్న వాసన వస్తే చాలు, శాంతమ్మ పిన్నిగారు ఇవాళ్టికీ నా ఎదురుగా వచ్చి కూర్చున్నట్టే ఉంటుంది. ఎనభైల చివర్లో బాపట్లలో మా పక్కింటావిడ, పుట్టిల్లు రేపల్లె. ఆమెను మా గోడ పక్కన పెట్టింది దేవుడేనని నా నమ్మకం.

అప్పట్లో నాకు పేగు ఒకచోట సన్నబడింది. ఆపరేషన్ అయ్యేదాకా పీచున్నదేదీ ముట్టొద్దన్నారు తెనాలి డాక్టరుగారు. ఆకుకూరలు, తొక్కలు, గింజలు మానేశాను. కానీ మా చర్చి సంఘంలో జబ్బు మనిషి కోసం ప్రార్థనకు వచ్చేవాళ్లు ఏదో ఒకటి వండుకునే వస్తారు. నేతి అన్నం, కేకు, పాలకోవా. "పీచు లేదుగా" అనుకుంటూ అన్నీ తినేశాను. మళ్లీ తెనాలి వెళ్తే డాక్టరుగారు కాటా వంక చూసి, "పీచు మానమన్నాను గానీ నెయ్యి పెంచమన్నానా అమ్మా? ఈ బరువు తగ్గితేగానీ ఆపరేషన్ చెయ్యను" అన్నారు. పాలు తాగే పిల్లను ఒళ్లో పెట్టుకుని, దీన్నెవరు పెంచుతారని బస్సంతా ఏడుస్తూనే వచ్చాను.

మర్నాడు పొద్దున్నే పిన్నిగారు మా వంటింట్లో ఉన్నారు. ఆ రోజు నుంచి రోజూ సొరకాయ చెక్కు తీసి, గింజలు గీసేసి మెత్తగా ఉడికించేవారు. వెన్న తీసిన మజ్జిగ, గుడ్డులో తెల్లసొన, రేపల్లె నుంచి తమ్ముడు పంపిన చేపముక్క నూనె చుక్క లేకుండా ఆవిరి మీద. అన్నం కొంచెమే. ఆ చప్పిడి తిండే తనూ వడ్డించుకునేవారు.

"మీకేం ఖర్మండీ?" అన్నాను ఒకరోజు.

"నువ్వు ఏడుస్తూ అది మింగుతుంటే, నీ ఎదురుగా నేను గోంగూర కలుపుకోవాలా? నోరుమూసుకుని తిను."

ప్రార్థనకు వచ్చేవాళ్లకు గడపలోనే అడ్డం నిలబడేవారు. "వదినా, ప్రార్థన లోపలికి తీసుకెళ్లు. గిన్నె నాకిచ్చెయ్."

"ఏంటి శాంతమ్మా, జబ్బు మనిషి నోటికాడ కూడు లాక్కుంటావా?"

"లాక్కుంటా. బతికి బయటపడ్డాక రోజూ తెచ్చిపెట్టు, నేనే వడ్డిస్తా."

కొందరు ఆమెతో మాటలు మానేశారు. చర్చిలో పక్కన కూర్చోవడం కూడా మానేశారు. ఆమె ఒక్క మాట నా చెవిన వెయ్యలేదు. నెమ్మదిగా నా బరువు తగ్గింది, ఆపరేషన్ అయింది, నా బిడ్డను నేనే పెంచుకున్నాను.

ఇప్పుడు పథ్యంలో ఉన్నవాళ్ల ఇంటికి వెళ్తే, వాళ్లు తినేదే నాకూ కాస్త పెట్టమంటాను. ఉప్పూ కారం లేకపోయినా దేవుడికి స్తోత్రం చెప్పుకుని, వాళ్ల పక్కనే కూర్చుని తింటాను.