నీళ్ల ట్యాంకు మీద ఫిరంగి

చలపతిరావుగారి చేతులు ఊరికే ఉండవు. సర్కారు కొలువులో రిటైరై, కాకినాడ నుంచి నిజాంపేటలో కొడుకు దగ్గరికి వచ్చి స్థిరపడ్డాక, కాలనీ మొత్తం ఆ చేతుల్లో పడింది. పార్కు బెంచీలకు రంగులు, లిఫ్టులో సూక్తులు, వినాయకుడి పందిరికి ఒక కమిటీ, ఆ కమిటీని చూసుకోవడానికి ఇంకో కమిటీ. జనం చాటున నవ్వుకునేవారు గానీ, ఆయన పూనుకోకపోతే కాలనీలో బల్బు కూడా మారదని అందరికీ తెలుసు.

సరిహద్దులో కాల్పులు మొదలైన మే నెలలో, నగరంలో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేశారు. ఇక ఆయన ఆగుతారా! బాలానగర్ షెడ్డులో దగ్గరుండి రేకు ఫిరంగి చేయించి, మిలటరీ రంగు వేయించి, కాలనీ నీళ్ల ట్యాంకు మీద బిగింపజేశారు. "దేశం కోసం ఆ మాత్రం చేయొద్దా అండీ?" అంటూ ఇంటింటికీ తిరిగి ఆదివారం ప్రారంభోత్సవానికి పిలిచారు. మైసూర్‌పాక్ కూడా చెప్పేశారు.

శనివారం సాయంత్రం కోడలు జయంతి క్యాబ్ దిగి తలెత్తి చూసింది. హైటెక్ సిటీలో ఒక కంపెనీ లీగల్ విభాగంలో పనిచేస్తుంది. మామగారు ట్యాంకు కిందే నిలబడి మురిసిపోతున్నారు.

"మామయ్యగారూ, జనం తాగే నీళ్ల జోలికి పోకూడదని యుద్ధానికి కూడా చట్టం ఉందండీ. అక్కడ ఆయుధం పెడితే ఆ రక్షణ పోతుంది."

"రేకుదేగా అమ్మా. పేలుతుందా ఏమన్నా?"

"పేలదని మనకు తెలుసు. పైనుంచి చూసేవాడికి ఎలా తెలుస్తుందండీ?"

చలపతిరావుగారికి ఒళ్లు మండింది. ఊరందరినీ పిలిచాక చట్టమేమిటి! ఆ రాత్రి అలిగి పెరుగన్నం కూడా వద్దన్నారు.

పొద్దున్నే జనం చేరారు. ఆయన కత్తెర పట్టుకుని రిబ్బను దగ్గరికి నడుస్తుంటే, ట్యాంకు కింది గదిలో ఉండే సక్కుబాయి ఎదురొచ్చింది. కాలనీకి నీళ్లు వదిలేది ఆమే. చంకలో బట్టల మూట, వెనక ఇద్దరు పిల్లలు.

"ఎక్కడికమ్మా? స్వీటు తిని వెళ్లు."

"పిల్లల్ని హఫీజ్‌పేట్‌ల మా చెల్లె ఇంట్ల దింపొస్త సారూ. నిన్న మీ కోడలమ్మ చెప్పింది ఇన్న. గా ఫిరంగి కింద పిల్లల్ని పండవెట్టాలంటే జర పరేషాన్ అయితున్నది. నేనైతే ఒస్త, నీళ్లకు ఫికర్ చెయ్యకుర్రి."

ఆయన ట్యాంకును ఇన్నిసార్లు చూశారు గానీ, దాని కింద ఒక సంసారం ఉందని ఒక్కసారీ తట్టలేదు. సిగ్గుతో ముఖం ఎర్రబడింది. కత్తెర జయంతి చేతిలో పెట్టి, పంచె ఎగగట్టి, ఇనుప నిచ్చెన ఎక్కారు. మోకాళ్లు గోల పెట్టాయి. కింద జనం "సార్, జాగ్రత్త!" అని అరిచారు. ఆయనే బోల్టులన్నీ విప్పి, ఫిరంగిని తాడుతో కిందికి దింపారు.

"ఇవి తాగే నీళ్లండీ," అన్నారు పైనుంచే, ఆయాసపడుతూ. "వీటి పక్కన ఆయుధం లేకపోవడమే వీటికి కాపలా. నాకు ఇప్పుడు తెలిసింది."

చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో గానీ మోత మోగిపోయింది. ఆయనకు అవేమీ వినిపించలేదు. గేటువైపే చూస్తున్నారు.

"సక్కుబాయీ!" గట్టిగా కేకేశారు. "మూట విప్పేయమ్మా!"