నా పొట్ట మీది మూడు వాతలు

నేను రక్తపరీక్షలు చేసే మనిషిని. కామారెడ్డిలో ఒక ల్యాబ్‌లో పదిహేనేళ్లుగా అదే పని. మెడలో తాయెత్తు, చేతికి మూడు రంగుల దారాలు కట్టుకుని వచ్చి "గాలి సోకింది మేడం" అన్నవాళ్ల వేలికి సూది గుచ్చి, హిమోగ్లోబిన్ ఆరు అని కాగితం మీద రాసిచ్చిన చేయి ఇది. దయ్యాలంటే నాకు భయం లేదు, విసుగు. ఆ మాటలు వింటూ జనం ఆలస్యంగా వస్తారని విసుగు. కాబట్టి ఇప్పుడు ఇది రాయడానికి నాకే కొంచెం సిగ్గుగా ఉంది.

ఐదేళ్ల కింద నా బరువు నూట పద్దెనిమిది కిలోలు. ఒకరోజు ల్యాబ్‌లో పని తక్కువగా ఉంటే నా రక్తం నేనే తీసుకుని పరీక్ష చేశాను. చక్కెర అంకె చూసి ఆ కాగితాన్ని ఎవరికీ చూపకుండా సంచిలో పెట్టుకున్నాను. తెల్లారి నుంచి కాలేజీ గ్రౌండ్‌లో నడక మొదలుపెట్టాను. రాత్రి అన్నం మానేశాను. రెండున్నరేళ్లకు అరవై మూడుకు వచ్చాను.

అందరూ మెచ్చుకున్నారు. చీర కింద ఏముందో వాళ్లకు తెలియదు. కొవ్వు పోయింది గాని తోలు ఎక్కడికీ పోలేదు. పొట్ట మీది తోలు మడతపడి తొడల మీదికి వేలాడేది. వేసవిలో ఆ మడత కింద ఒరుసుకుపోయి పుండు పడేది. రోజూ పొద్దున పౌడరు చల్లి, తోలును రెండు చేతులతో పైకెత్తి లంగా బొందు లోపలికి దోపుకునేదాన్ని. బస్సెక్కడానికి కాలు ఎత్తితే అది జారేది. అంత కష్టపడి తగ్గింది ఎవరో, ఈ వేలాడేది ఎవరిదో అనిపించేది. ఆ తోలు కోసి తీసేయించుకోవాలని నిర్ణయించుకున్నాను. టమ్మీ టక్ అంటారు. మా ఆయన బోరు మోటార్లు వైండింగ్ చేసే మనిషి, పెద్దగా మాట్లాడడు. "నీకు నిమ్మళమైతదంటే చేయించుకో" అన్నాడు.

ఒప్పుకోనిది మా అవ్వ. అమ్మను మేం అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. బాపు పోయాక కూడా ఎల్లారెడ్డిలోనే ఉంటుంది, ఇప్పటికీ బీడీలు చుడుతుంది.

ఆమె భయం ఏమిటో చెప్పాలి. నా పొట్ట మీద బొడ్డు కింద మూడు వాతలు ఉండేవి. పసిపిల్లలకు పాలు ఇమడకపోతే, పొట్ట ఉబ్బితే, పసుపు కొమ్మును నిప్పుల్లో కాల్చి పొట్ట మీద అంటించేవాళ్లు. మా వైపు సురుకు పెట్టడం అంటారు. నాకంటే ముందు అవ్వకు ఒక ఆడపిల్ల పుట్టిందట. ఆ పిల్లకు పొట్ట ఉబ్బితే అమ్మమ్మ సురుకులు పెడతానంది. మా బాపు నాలుగు అక్షరాలు చదువుకున్న మనిషి, ముట్టనివ్వలేదు. దవాఖానకు ఎత్తుకుపోయాడు. ఆ పిల్ల తొట్టెలలో వేసి పేరు పెట్టకముందే పోయింది. తర్వాత నేను పుట్టాను. నాకూ అట్లాగే అయింది. ఈసారి బాపు ఇంట్లో లేని సమయం చూసి అమ్మమ్మ పసుపు కొమ్ము కాల్చింది. అవ్వ నా కాళ్లు పట్టుకుంది. రెండు పెట్టాక నేను కాలు విడిపించుకుని తన్నానట, అందుకే ఎడమ వైపుది చిన్నగా, కొంచెం పైకి పడింది. నేను బతికాను.

అక్క జబ్బు ఏమిటో, నాది ఏమిటో, రెండూ ఒకటో కాదో ఎవరికీ తెలియదు. పరీక్షలేవీ జరగలేదు. ఇప్పుడు ఎవరైనా పసిపిల్లకు వాతలు పెట్టి మా ల్యాబ్‌కు తెస్తే నేనే నాలుగు చీవాట్లు పెడతాను. కానీ అవ్వకు ఆ మూడు మచ్చలే నేను. నేను లావయినప్పుడు అవి సాగాయి, బక్కచిక్కాక కిందికి జారాయి. డాక్టర్ గీత గీసి చూపించిన చోటులోనే మూడూ ఉన్నాయి. తీసేసేది ఆ ముక్కే.

"కొవ్వు తీయిచ్చుకుంటవో తోలు తీయిచ్చుకుంటవో నీ ఇష్టం," అంది అవ్వ. "ఆ మూడు సుర్కలు మాత్రం ముట్టనియ్యకు బిడ్డా. అవి పోతే నువ్వు నాకు దక్కవు."

"డాక్టర్‌కు చెప్పిన అవ్వా. అవి ఉంచుతడట," అన్నాను.

అబద్ధం చెప్పేటప్పుడు ఆమె మొహం చూడలేదు.

హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. మత్తు ఇవ్వకముందు పొట్టకు ఫొటోలు తీశారు. నాలుగో రోజు, కుట్ల లోపల ఊరే నీరు పోవడానికి పెట్టిన రెండు గొట్టాలతో, నడుము వంచుకుని కామారెడ్డి ఇంటికి వచ్చాను. పొట్టకు వెడల్పాటి బెల్టు కట్టారు, స్నానానికి తప్ప తీయకూడదన్నారు. బొడ్డు నుంచి కుట్ల దాకా స్పర్శ ఉండదనీ, నెలలు పట్టవచ్చనీ, వేడినీళ్ల బ్యాగు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టుకోవద్దనీ చెప్పారు. కాలినా తెలియదట.

నిజంగానే తెలియలేదు. వేలితో నొక్కితే వేలికి పొట్ట తెలిసేది, పొట్టకు వేలు తెలిసేది కాదు. ఎవరిదో పొట్ట నాకు కుట్టినట్టు ఉండేది. పొట్టే కాదు, నేనూ అట్లాగే ఉన్నాను ఆ రోజుల్లో. అద్దంలో చదునైన పొట్ట చూసుకుని సంతోషపడాలి కదా అనుకున్నాను. ఏమీ అనిపించలేదు.

అవ్వ హైదరాబాద్ ఆస్పత్రి నుంచే నాతో వచ్చి వారం రోజులు ఉంది. తల దువ్వింది, జావ కాచి పోసింది, చంకల కింద చేతులు వేసి లేపి బాత్‌రూమ్‌కు నడిపించింది. ఒక్కసారి కూడా పొట్ట చూపించమని అడగలేదు. స్నానం చేసేటప్పుడు బయట నిలబడేది. నా మాట నమ్మిందనుకున్నాను. నమ్మినందుకు ఇంకా తప్పుగా అనిపించింది.

గొట్టాలు తీసేశాక, పెత్రమాస ముందు రోజు పొద్దున అవ్వ ఎల్లారెడ్డి బస్సెక్కింది. పెత్రమాస అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, పోయిన పెద్దల పేరు మీద వండి పెట్టుకునే రోజు. అమ్మమ్మకు కొడుకులు లేరు. ఆమె పోయి పన్నెండేళ్లయింది, ఆమెకు కూడా అవ్వే పెడుతుంది. ఆ రోజు వేరే ఊర్లో ఉండటం ఆమెతో కాదు.

పెత్రమాస రోజు పొద్దున మా ఆయన నాకు స్నానానికి సాయం చేసి, కుట్ల మీద కొత్త గుడ్డ వేసి, బెల్టు బిగించి పనికి పోయాడు. అప్పుడు పొట్ట మీద కుట్లు తప్ప ఏమీ లేదు. ఇద్దరం చూశాం. ఆయన పోయాక నేను లోపలి నుంచి గడియ పెట్టుకున్నాను. మా ఇంటి ఓనరమ్మ వాళ్లు బతుకమ్మకు గునుగు పూలు, తంగేడు పూలు తేవడానికి పోయారు. మధ్యాహ్నం అన్నం తిని, నొప్పి గోలీ వేసుకుని, మోకాళ్ల కింద దిండ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకున్నాను.

మెలకువ వచ్చేసరికి గదిలో ఏదో మాడుతున్న వాసన. అన్నం మాడిన వాసన కాదు, అగరుబత్తి కాదు. మూడున్నర అవుతోంది. కిటికీలో ఎండ ఉంది. మెల్లగా లేచి వంటింట్లోకి పోయి చూశాను. సిలిండర్ బంద్ చేసే ఉంది. స్టవ్ చల్లగా ఉంది. మళ్లీ వచ్చి పడుకున్నాను. భయమేమీ వేయలేదు.

ఐదింటికి మా ఆయన తలుపు కొట్టాడు. నేనే లేచి గడియ తీశాను. లోపలికి రాగానే ముక్కు ఎగబీల్చాడు.

"ఏం కాలవెట్టినవ్? పసుపు మాడిన వాసనొస్తుంది."

అప్పుడు నాకు ఆ వాసన ఏమిటో తెలిసింది. మా ఇంట్లో పసుపు కొమ్ములు ఉండవు. ప్యాకెట్ పసుపే వాడతాం. ఆ ప్యాకెట్ డబ్బాలో ఉంది, డబ్బా మూత పెట్టి ఉంది.

మర్నాడు కట్టు మార్పించుకోవడానికి దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌కు పోయాం. సిస్టర్ బెల్టు విప్పి, గుడ్డ తీసి, చేయి ఆపేసింది.

"హాట్ బ్యాగ్ పెట్టుకున్నరా మేడం? సోయి ఉండదు, కాలుతది, పెట్టుకోవద్దని చెప్పలేదా మీకు?"

తల ఎత్తి చూశాను. ఆపరేషన్‌లో పెట్టిన కొత్త బొడ్డు కింద మూడు బొబ్బలు. గుండ్రంగా, పసుపు కొమ్ము చివరంత. కుడి పక్కన ఒకటి, నడుమ ఒకటి. ఎడమ వైపుది చిన్నగా, కొంచెం పైకి.

గుడ్డ తెల్లగా ఉంది. బెల్టు లోపలి వైపు తిప్పి చూశాను. ఎక్కడా కమిలిన మచ్చ లేదు, చిన్న రంధ్రం లేదు. హాట్ బ్యాగ్ కాదని చెప్పాను. సిస్టర్ నమ్మలేదు. ఆమె స్థానంలో నేనున్నా నమ్మను. మందు రాసి పంపింది.

హైదరాబాద్ ఆస్పత్రికి ఫోన్ చేసి, ఆపరేషన్ ముందు తీసిన ఫొటోలు పంపమని అడిగాను. పంపారు. సాగిపోయిన తోలు మీది పాత మచ్చలను, ఇప్పటి బొబ్బలను ఫోన్‌లో పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. వరుస అదే. చిన్నది చిన్నగానే ఉంది. వాతలున్న ఆ తోలును వాళ్లు ఎప్పుడో పారేసి ఉంటారు.

మా ఆయనను అనుమానించాను. ఆయన ఆ రోజంతా షాపులో ఉన్నాడు, పక్కన నలుగురు మనుషులు. నన్ను నేను అనుమానించుకున్నాను. గోలీ మత్తులో లేచి చేసుకున్నానా? ఏ నిప్పుతో? ఏ కొమ్ముతో? ఇల్లు ఊడ్చి చూస్తే చిటికెడు బూడిద దొరకలేదు. అవ్వ మీదికీ పోయింది మనసు. కూతురికి తెలియకుండా, నొప్పి లేని చోట తానే పెట్టిందా అని. కానీ అవ్వ ఆ మధ్యాహ్నం ఎల్లారెడ్డిలో ఉంది. నా గడియ లోపలి నుంచి పెట్టి ఉంది.

నెలన్నర తర్వాత బస్సెక్కగలిగాను. అవ్వకు నిజం చెప్పేద్దామనే ఎల్లారెడ్డి పోయాను. ఆ మూడింటినీ చూపించి, డాక్టర్ మాట నిలబెట్టుకున్నాడు అంటే ఆమె సంతోషంగా ఉంటుంది. ఆ మాట దారి పొడవునా నా నోట్లో తిరిగింది. కానీ ఇంకో అబద్ధం ఆడే ఓపిక లేదు.

అవ్వ వాకిట్లో కూర్చుని ఉంది, ఒళ్లో బీడీల చాట. నన్ను చూసి చాట పక్కన పెట్టింది. మంచినీళ్లు ఇచ్చింది.

"ఏది, ఇప్పుడు చూపియ్యి," అంది.

లోపలికి పోయి కుర్తా ఎత్తాను. అవ్వ తంబాకు అంటిన వేళ్లను కొంగుకు తుడుచుకుని ఒక్కో మచ్చ మీద వేలు పెట్టింది. చివర ఎడమ వైపు చిన్నదాని మీద ఆపింది.

ఆ వేలు నాకు తెలిసింది. గరుకుగా, కొంచెం వేడిగా. ఆపరేషన్ అయిన తర్వాత ఆ పొట్టకు తెలిసిన మొదటి స్పర్శ అది.

"అవ్వా, నీకొకటి చెప్పాలె," అన్నాను. "ఆ తోలు మొత్తం కోసేసిన్రు. సుర్కలు ఉంచలే. నేను అబద్ధం చెప్పిన."

"తెల్సు," అంది అవ్వ. వేలు తీయలేదు. "దవాఖాన్ల ఆయమ్మనడిగిన. బొడ్డు కింది తోలంత పోయిందని చెప్పింది."

"మరి నన్నెందుకడగలే?"

"అడుగుతె మళ్ల అబద్ధమే చెప్తవ్ గదా. నీ దగ్గరున్న వారం రోజులు కన్ను మూయలే. నువ్వు ఊపిరి పీలుస్తున్నవా లేదా అని చూసుకుంట కూసున్న."

అవ్వ నా కుర్తా కిందికి దించింది.

"పెత్రమాస నాడు ఆకుల అన్నం పెట్టి మా అమ్మకు చెప్పిన. నువ్వు పెట్టినయి కోసి పారేసిన్రు, ఇగ నాతోని ఏమైతది, నీ మనుమరాలిని నువ్వే చూసుకో అని చెప్పిన."

ఎన్ని గంటలకు పెట్టావని అడిగాను.

"పెద్దలకు పెట్టేది పొద్దు తిరిగినంకనే గదా," అంది. పోయి మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది. ఆ మచ్చలు ఎట్లా వచ్చాయని నన్ను అడగలేదు. ఆశ్చర్యపోలేదు. ఆ రాత్రి అవ్వ నాకంటే ముందే నిద్రపోయింది.

కామారెడ్డి వచ్చాక ల్యాబ్ సూదితో పొట్టంతా గుచ్చి చూసుకున్నాను. పైన, కింద, పక్కల, ఎక్కడా తెలియలేదు. మూడు మచ్చల మీద మాత్రం చురుక్కుమంది. నరాలు ఒకచోట ముందు, ఒకచోట వెనుక కలుస్తాయని డాక్టర్ అన్నాడు. కాలిన చోట ముందు ఎందుకు కలిశాయి అంటే, అట్లా జరగొచ్చు అన్నాడు. జరగొచ్చేమో. దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ అనను. ల్యాబ్‌లో తాయెత్తులు కట్టుకొచ్చిన వాళ్లను మాత్రం ఏమీ అనడం లేదు.

మరుసటి ఏడు పెత్రమాసకు సెలవు పెట్టి ఎల్లారెడ్డి పోయాను. అవ్వ మూడు ఆకులు వేసింది. బాపుకు ఒకటి, అమ్మమ్మకు ఒకటి, పేరు లేని అక్కకు ఒక చిన్నది. ఆ పొద్దంతా నా పొట్ట మీద మూడు చోట్లా మండుతూనే ఉంది.

"మా అమ్మకు నువ్వు గూడ ఏమన్న చెప్పు," అంది అవ్వ.

అమ్మమ్మ ఆకు ముందుకు పోయి నిలబడ్డాను. నొప్పి లేదు అమ్మమ్మా అన్నాను. అది కూడా అబద్ధమే.